మెడపట్టీ చాటున మరుగుపడ్డ మనుషులు: ‘సైబర్ సిటీ ఓఎడో 808’

ఏదైనా కళారూపంలో హంగు ఎక్కువై వస్తువు పలచబడితే “శైలి తప్ప సారం లేదు” అని తీసిపారెయ్యటం విమర్శకు సులువైన పని. ఆ సారం మొదటినుంచీ లేదా, లేక చేతికందినదాన్నే కర్తలు జారవిడిచారా అని విచారించటం అంత సులువు కాదు. 1990–91 సంవత్సరాల్లో జపానులో వీడియో క్యాసెట్ల మీద మూడు భాగాలుగా వెలువడిన ‘సైబర్ సిటీ ఓఎడో 808’ అనే విజ్ఞాన కాల్పనిక యానిమే ఈ విచారణకు తగిన ఉదాహరణ. దర్శకుడు కవాజిరి యోషియాకి. నిర్మించింది మ్యాడ్‌హౌస్ సంస్థ.

కథాకాలం 2808. వందల ఏళ్ళ శిక్షపడి అంతరిక్ష కారాగారంలో ఉన్న ముగ్గురు ఖైదీలను పోలీసు శాఖ తన పనికి తీసుకుంటుంది. ఒక్కో నేరస్థుణ్ణి పట్టిస్తే శిక్షలో కొన్నేళ్ళు తగ్గుతాయి. గడువులోగా పని పూర్తిచెయ్యకపోతే మెడకు బిగించిన పట్టీ పేలిపోతుంది. ఇంతకంటే పదునైన ఊహ ఏం కావాలి! శ్రమకూ బెదిరింపుకూ రాజ్యానికీ ఉన్న సంబంధమంతా ఆ పట్టీలోనే ఉంది. అయినా మూడు భాగాలూ చూసి ముగించాక మనకు గుర్తుండేది చీకటి నగరం, నీలి నీడలు, నిటారు భవనాలు, ఆ ముగ్గురి నిర్లక్ష్యపు ఠీవి మాత్రమే.

ఈ ఊహ భవిష్యత్తు నుంచి ఊడిపడింది కాదు. ఓఎడో అంటే మహా ఎడో. ఎడో అనేది 1868 వరకు టోక్యో నగరానికి ఉన్న పేరు. తొకుగావా పాలకుల కాలంలో అక్కడి పోలీసు అధికారులు పాత నేరస్థులనే వేగులుగా, సహాయకులుగా వాడుకునేవారు. అలాంటివారిని మేఅకషి అనీ ఒకాప్పికి అనీ పిలిచేవారు. ఆనాటి పోలీసుల అధికారచిహ్నం జిత్తె అనే ఇనుప ఆయుధం. యానిమేలో సెన్‌గోకు అనే ఖైదీ చేతిలో ఉన్నది అదే. ఈ ముగ్గురినీ నడిపించే అధికారి పేరు హసెగావా. ఈ పేరు జపాను ప్రేక్షకుడికి ఇట్టే తెలిసిపోతుంది. 18వ శతాబ్దంలో దొంగలనూ ఇళ్ళకు నిప్పుపెట్టేవారినీ పట్టే దళానికి అధిపతి హసెగావా హెయిజో. ఇకెనామి షోతారో నవలల వల్ల ఆయన ఇంటింటికీ తెలిసిన మనిషి. ఆ నవలల ఆధారంగా టీవీ ధారావాహిక 1989లో మరోసారి మొదలైంది.

అయితే చారిత్రక హసెగావా చేసిన పని మరొకటుంది. 1782 నుంచి 1788 వరకు జపానును తెన్‌మెయి క్షామం పీడించింది. పొలాలు విడిచిన రైతులు నగరానికి చేరారు. 1787లో ఎడోలో ఆకలిగొన్న జనం బియ్యం దుకాణాలు పగలగొట్టారు. దానికి జవాబుగా 1790లో ఇషికావాజిమా దీవిలో ఒక శ్రమ శిబిరం వెలిసింది. దాన్ని ప్రతిపాదించి నడిపినవాడు హసెగావా. అందులో పెట్టినవారిలో ముషుకులు, అంటే ఊరి లెక్కల్లో పేరు లేకుండా పోయినవారు, ఎందరో ఉన్నారు. నేరమేదీ చెయ్యకుండానే చిక్కినవారూ ఉన్నారు. వాళ్ళకు చుక్కల బట్టలు తొడిగేవారు. కాలం గడిచేకొద్దీ చుక్కలు తగ్గేవి. కూలిలో కొంత భాగం విడుదలయ్యేదాకా అట్టిపెట్టేవారు.

తగ్గే చుక్కలకూ తగ్గే శిక్షాకాలానికీ పోలిక చెప్పనక్కరలేదు. ఈ యానిమే ఎడో నుంచి పేరు తెచ్చుకుంది, ఆయుధం తెచ్చుకుంది, అధికారిని తెచ్చుకుంది. క్షామం తరిమితే వచ్చిన మనిషిని మాత్రం తెచ్చుకోలేదు. ఇందులోని ఖైదీలు సాహసవీరులు. మెడపట్టీ వాళ్ళకు అవమానం కాదు, అలంకారం. మొదటి భాగంలో ఆకాశహర్మ్యపు యజమాని తన సహచరుణ్ణి హత్యచేసి ఆ స్థానానికి వచ్చాడని బయటపడుతుంది. ఆస్తి గురించి అడగవలసిన ప్రశ్న అక్కడే మొదలు కావాలి. కాని అది హతుడి పగ తీరటంతో ముగిసిపోతుంది. నేరాన్ని వ్యక్తి కక్షగా కుదించటం పాలకవర్గ కళకు పాత అలవాటే.

ఇది ఒక్క దర్శకుడి లోపమనుకుంటే పొరపాటు. నేరుగా క్యాసెట్ల మీద విడుదలయ్యే యానిమేలకు 1983లో వచ్చిన ‘డల్లోస్’తో దారి పడింది. టీవీ ప్రకటనదారుల అదుపు లేదు. హింసకూ చీకటికీ అడ్డు లేదు. 1980 దశకం చివర జపానులో భూమి ధరలూ వాటాల ధరలూ ఆకాశానికంటాయి. అధిక ధర పెట్టి క్యాసెట్టు కొనే అభిమానులే ఈ చిత్రాలకు మార్కెట్టు. ఆ కొనుగోలుదారుకు మొదటి చూపులోనే కనిపించవలసింది మెరుగు. కాబట్టి దొరికిన స్వేచ్ఛ అంతా మెరుగు మీదే ఖర్చయింది.

ఆ మెరుగును గీసిన చేతుల సంగతి కూడా చెప్పుకోవాలి. యానిమే పరిశ్రమలో ఎందరో చిత్రకారులకు జీతం ఉండదు, బొమ్మకింత అని ఇస్తారు. 1960 దశకంలో తోయెయి సంస్థలో తకహాతా ఇసావో, మియజాకి హయావో కార్మిక సంఘంలో పనిచేశారు. 1973లో ముషి ప్రొడక్షన్ దివాలా తీసింది. అంతకు ఏడాది ముందే అక్కడినుంచి బయటికి వచ్చినవారు స్థాపించుకున్నదే మ్యాడ్‌హౌస్. ప్రధాన చిత్రాల మధ్య కదలికలు నింపేవారి సగటు వార్షికాదాయం 2013లో 11 లక్షల యెన్లకు కాస్త అటూ ఇటూ మాత్రమేనని యానిమేటర్ల సంఘం 2015లో విడుదల చేసిన నివేదిక తెలిపింది. గడువు మెడ మీద ఉండగా పని చెయ్యటమంటే ఏమిటో వీళ్ళకు ఎవరూ వివరించనక్కరలేదు.

కనుక ఈ చిత్రంలో సారం లేదనే మాట సగం నిజమే. సారం ఉన్నది ఇషికావాజిమా దీవిలో. బొమ్మకింత లెక్కన బొమ్మలు గీసే బల్లల దగ్గర. రూపం అంత అందంగా ఉండటం తప్పు కాదు. చుక్కల బట్ట తొడుక్కున్నవాడు తన ఊరు ఎందుకు విడిచి వచ్చాడని ఆ అందం ఒక్కసారైనా అడగకపోవటమే తప్పు. రేపటి నగరాన్ని ఊహించే రచయిత ఎవరైనా, ఏ భాషలోనైనా, ముందుగా వెయ్యవలసిన ప్రశ్న అదే.