ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ)

తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుగా నిలిచే సంఘం. 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో స్టాక్ బ్రోకర్ బిల్ విల్సన్, సర్జన్ బాబ్ స్మిత్ దీన్ని మొదలుపెట్టారు. ఇద్దరూ తాగుడుతో నలిగినవారే. చేరడానికి రుసుము లేదు, మానాలన్న కోరిక చాలు. హైదరాబాద్ వంటి నగరాల్లో జరిగే సమావేశాల చోటు, వేళ ఏఏ ఫోన్‌లైన్‌లో చెబుతారు. 'ఓపెన్' సమావేశానికి ఇంటివాళ్లూ రావచ్చు; 'క్లోజ్డ్' తాగుడు మానాలనుకునేవారికే. కొత్తవారు ఇంటిపేరు చెప్పనక్కర్లేదు, మాట్లాడకుండా విని వెళ్లినా సరే. ఒకరు తమ కథ చెబుతుంటే మధ్యలో ఎవరూ అడ్డురారు, నీతులు చెప్పరు. తాగేవాడికి ఊరంతా సలహాలిచ్చే మన దగ్గర ఇది చిన్న విషయం కాదు. ఖర్చులకు సభ్యులే తోచినంత వేసుకుంటారు, బయటి విరాళాలు తీసుకోరు. అయితే ఏళ్లుగా రోజూ తాగినవారు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అందుకే అలాంటివారు సమావేశానికి వెళ్తున్నా డాక్టరును కలవడం తప్పనిసరి. కుటుంబాలకు అల్-అనాన్ అనే వేరే సంఘం ఉంది.