తెర వెనుక రాణిగారు

కాస్త పెద్దవయసువాళ్లున్న ఇంట్లో ‘బాలసరస్వతి’ అని అని చూడండి. ‘ఏ బాలసరస్వతి? నాట్యం చేసే ఆవిడా, పాటలు పాడే ఆవిడా?’ అని ఎదురు ప్రశ్న వస్తుంది. మద్రాసులో భరతనాట్యానికి పేరు తెచ్చిన బాలసరస్వతి ఒకరు. నేను చెప్పబోయేది మన పాటల ఆవిడ సంగతి. పూర్తి పేరు రావు బాలసరస్వతీదేవి. తెలుగు సినిమాకి తొలి నేపథ్యగాయని.

పుట్టింది 1928లో, వెంకటగిరిలో. ఆరేళ్ల వయసుకే గ్రామఫోను రికార్డు ఇచ్చింది. ఆరేళ్లంటే మన పిల్లలకి జడ సరిగ్గా వేయించుకునే ఓపిక కూడా ఉండని వయసు! 1936లో చిత్తజల్లు పుల్లయ్యగారు అచ్చంగా పిల్లలతోనే తీసిన ‘సతీ అనసూయ’లో గంగ వేషం వేసింది. 1940లో గూడవల్లి రామబ్రహ్మంగారి ‘ఇల్లాలు’లో సాలూరు రాజేశ్వరరావుగారితో కలిసి నటించింది. అప్పటికి ఆ అమ్మాయికి పన్నెండేళ్లు. తర్వాత ఆ ఇద్దరూ కలిసి పాడిన లలితగీతాల రికార్డులు గ్రామఫోను ఉన్న ప్రతి ఇంట్లోనూ అరిగేదాకా తిరిగాయి.

లలితగీతం అంటే ఏమిటో ఇక్కడ ఒక్క మాట చెప్పుకోవాలి. నాటకాల రోజుల్లో మైకు లేదు. చివరి బెంచీవాడికి వినబడాలంటే గొంతెత్తి పాడాల్సిందే. కచేరీ సంగతి సరేసరి, రాగం, తానం, పల్లవి అంటూ గంటలు పడుతుంది. గ్రామఫోను పలక ఒకవైపు మూడు, మూడున్నర నిమిషాల కంటే పట్టదు. ఎదురుగా ఉన్న మైకుకి అరుపు అక్కర్లేదు, గుసగుస కూడా వినిపిస్తుంది. మనం వంటింట్లో కూనిరాగం తీస్తామే, పూలు కడుతూ పాడుకుంటామే, ఆ మెత్తటి గొంతుకి లోకంలో మొదటిసారి చోటు దొరికింది అప్పుడే. 1938లో మద్రాసు రేడియో కేంద్రం మొదలైంది. రేడియోలో తెలుగు లలితసంగీతానికి తొలి గాయని అని ఈవిడనే చెప్పుకుంటారు. ఆడపిల్ల వేదిక ఎక్కి పాడితే నలుగురూ నాలుగు మాటలు అనే రోజులవి. రేడియోలోంచి వచ్చే గొంతుని మాత్రం అంతా కూర్చుని విన్నారు.

ఇక 1943 సంగతి. పి.పుల్లయ్యగారి ‘భాగ్యలక్ష్మి’లో కమలా కోట్నీస్‌కి బాలసరస్వతి పాట పాడింది. సంగీతం భీమవరపు నరసింహారావుగారు. ఒకరు పెదవులు కదపడం, ఇంకొకరు పాడటం మన తెరకి అలా వచ్చింది. కలకత్తావాళ్లు ఈ పద్ధతిని 1935లోనే మొదలుపెట్టారు లెండి. అయితే పాడినవాళ్లకి పేరు రావడం మాత్రం ఎక్కడా అంత తేలిగ్గా జరగలేదు. 1949లో ‘మహల్’ పాట దేశమంతా మోగిపోయింది. ఆ రికార్డు మీద లతా మంగేష్కర్ పేరు లేదు, సినిమాలో పాత్ర పేరు ‘కామిని’ అని వేశారు! ఆ గొంతు ఎవరిదని జనం అడిగి తెలుసుకోవలసి వచ్చింది.

1944లో, పదహారేళ్లకి, బాలసరస్వతికి కోలంక రాజావారితో పెళ్లయింది. తూర్పుగోదావరిలో జమీందారీ కుటుంబం. అమ్మాయి రాణిగారయింది, వేషాలు వేయడం ఆగిపోయింది. మరి మన ఇళ్ల సంగతి చూడండి. పెళ్లిచూపుల్లో ‘ఏదీ, ఓ పాట పాడమ్మా’ అని అడగని ఇల్లుండేదా? పెళ్లయ్యాక ఆ పాట ఎవరికి కావాలి? హార్మోనియం అటకెక్కుతుంది. ఈవిడ పాట మాత్రం అటకెక్కలేదు. ముఖం కనపడకపోయినా గొంతు వినపడే దారి ఒకటి అప్పటికే ఉంది, అది పడడానికి ఈవిడే కారణం. పెళ్లికి ఏడాది ముందు ఎవరికోసమో పాడిన ఆ పాట తనకోసమే దారి వేసిందన్నమాట.

1950లో ‘షావుకారు’లో జానకికి పాడింది. ఆ సినిమాలో జానకి అణకువగల పల్లెటూరి అమ్మాయి. 1953లో ‘దేవదాసు’లో లలితకి పాడింది. అక్కడ లలిత చంద్రముఖి, సానిపాత్ర. జమీందారు ఇంటి ఇల్లాలు చంద్రముఖి వేషం వేస్తానంటే ఆ రోజుల్లో ఊరు ఊరుకునేదా? గొంతుకి అలాంటి గడప లేదు. పల్లెపిల్ల సిగ్గూ, చంద్రముఖి వేదనా రెండూ ఆ ఒక్క గొంతులోనే పలికాయి. నాకు ఈ సంగతి తలుచుకుంటే భలే ఆశ్చర్యం వేస్తుంది.

1958లో ‘మంచి మనసుకు మంచి రోజులు’లో తల్లీబిడ్డల మీద ఒక పాట పాడింది. మా గడ్డిఅన్నారంలో పండ్లమార్కెట్టు ఇంకా ఇక్కడే ఉన్న రోజుల్లో, తెల్లారకముందే బత్తాయిల లారీలు హారన్లు కొడుతుంటే, పక్కవాటాలో ఒక మామ్మగారు మనవణ్ణి ఒళ్లో వేసుకుని ఆ పాటే పాడుతుండేవారు. ‘ఎవరు పాడారండీ ఇది?’ అన్నాను ఒకసారి. ‘ఎవరో పాడటమేమిటమ్మా, మా అమ్మ పాడేది’ అన్నారావిడ. పాడినవాళ్ల పేరు మరిచిపోయేంతగా పాట ఇంటిదైపోవడం గొప్పే. కానీ ఆ పేరు కూడా నిలబడాలని నాకు అనిపిస్తుంది.

ఆ తర్వాత లీల, జిక్కి, సుశీల గార్ల గొంతులతో తెలుగు పాట నిండిపోయింది. బాలసరస్వతిగారి సినిమా పాటలు తగ్గిపోయాయి. 2025 అక్టోబరు 15న హైదరాబాదులో, తొంభై ఏడేళ్ల వయసులో ఆవిడ కన్నుమూశారు. అంటే గ్రామఫోను పలక దగ్గర్నుంచి చేతిలో ఫోను దాకా అన్నీ చూసిన మనిషి. ఆ ఫోనులోనే ఇప్పుడు ‘షావుకారు’ పాటలు దొరుకుతున్నాయి. ఇవాళ మధ్యాహ్నం పని తెమిలాక ఒకటి పెట్టుకుని వినండి. ఇంట్లో ఎవరూ లేకపోతే గొంతు కలపండి. ఉన్నా కలపండి, ఏమీ అనుకోరు.