ఉప్పుటేరు దారి, గ్యాసు దారి

కొల్లేటిలోకి నీరు తెచ్చే ఏళ్ళూ కాలువలూ ఎన్నో. సముద్రానికి తీసుకుపోయేది మాత్రం ఒక్క ఉప్పుటేరే. అది మా ఆకివీడు పక్కనుండే పోతుంది. దానికి అడ్డుకట్టలు పడితే పైనున్న లంకలు మునుగుతాయి. దారి ఒక్కటే అయినప్పుడు ఆ దారిలో ఉన్నవాడిదే పైచేయి అని మాకు చిన్నప్పుడే తెలుసు.

నీరు పల్లమెరుగు. గ్యాసు మాత్రం బేరమెరుగు.

మన తీరానికి ఎదురుగా, బంగాళాఖాతం ఆవలి ఒడ్డున, బర్మాలోని అరకాన్ తీరంలో 2004లో ష్వే గ్యాసు నిక్షేపం బయటపడింది. అందులో కొరియా సంస్థ దేవూకు 60 శాతం, మన ఓఎన్‌జీసీ విదేశ్‌కు 20, గెయిల్‌కు 10 శాతం వాటాలు అప్పట్లో ఉండేవి. దానిని మనదేశానికి తెచ్చే దగ్గర దారి మిజోరం, త్రిపురల మీదుగా బంగ్లాదేశ్ దాటి కలకత్తా చేరుతుంది. బంగ్లాదేశ్‌ను తప్పించాలంటే అస్సాం మీదుగా, సిలిగురి ఇరుకులోంచి చుట్టి రావాలి.

2005 జనవరిలో రంగూనులో మూడు దేశాల మంత్రులు దగ్గర దారికి సూత్రప్రాయంగా ఒప్పుకున్నారు. అయితే బంగ్లాదేశ్ మూడు కోర్కెలు పెట్టింది: నేపాల్, భూటాన్‌ల జలవిద్యుత్తు మన నేల మీదుగా తమకు రావాలి, ఆ దేశాలతో వర్తకానికి దారి కావాలి, మనతో తమకున్న వాణిజ్య లోటు తగ్గాలి. దారి అడిగినవారిని వారూ దారే అడిగారు. అందులో అన్యాయం నాకు కనబడదు. అవి ద్విపక్ష విషయాలని ఢిల్లీ పక్కన పెట్టింది.

ఈలోగా చైనా 2008 డిసెంబరులో ముప్పై ఏళ్ళకు కొనుగోలు ఒప్పందం చేసుకుంది. మధ్యలో మూడో దేశం లేదు. బర్మాలో 793 కిలోమీటర్ల గొట్టం వేసి, 2013 జులైలో గ్యాసు తీసుకుపోయింది. విచిత్రమేమంటే, 2010లో ఆ గొట్టంలోనూ మన రెండు సంస్థలు వాటాలు తీసుకున్నాయి.

మన గోదావరి తీరపు గ్యాసుకు ఈ తంటా రాలేదు. 2009లో కాకినాడ నుండి భరూచ్ దాకా సుమారు 1,400 కిలోమీటర్లు సాగిపోయింది. కారణం 1962 నాటి చట్టం. పొలం రైతుదే, కింద గొట్టం వేసే హక్కు మాత్రం సర్కారు తీసుకుంటుంది. పంట నష్టం కాక, భూమి విలువలో పదోవంతు ఇస్తారు. ఆపైన అక్కడ ఇల్లు కట్టరాదు, చెట్టు నాటరాదు, చెరువు తవ్వరాదు. చేపల చెరువులే బ్రతుకైన మా సీమలో ఆ చివరి మాట బరువెంతో వేరే చెప్పనక్కరలేదు.

దారిలో ఉన్న దేశం బేరమాడగలిగింది. దారిలో ఉన్న రైతుకు ధర ముందే వ్రాసిపెట్టి ఉంది. మొదటి బేరం చెడి గ్యాసు పోగొట్టుకున్నాము. రెండవచోట బేరమే లేక గ్యాసు దక్కింది. ఆ దక్కినదాని ఖరీదు ఎవరు చెల్లించారో కూడా చరిత్రలో వ్రాసుకోవాలి కదా!