పతకం అంచున ఒంటిపేరు: తెలుగు సిపాయిల వంశాన్వేషణ

మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లిన సిపాయి ఆనవాలుగా అనేక కుటుంబాలలో మిగిలేది బ్రిటిష్ వార్ మెడల్ ఒక్కటే. దాని అంచున సంఖ్య, హోదా, పేరు, దళం చెక్కి ఉంటాయి. పేరు తరచు ఒంటిపేరే, ఇంటిపేరు ఉండదు. కనుక అన్వేషణకు పేరుకన్నా సంఖ్య, దళమే నమ్మదగిన ఆధారాలు.

సైనిక దస్త్రాలు 1940 నాటి లండన్ బాంబుదాడిలో కాలిపోయాయన్న సమాధానం తెలుగు సిపాయికి వర్తించదు. కాలినవి బ్రిటిష్ సైన్యపు దస్త్రాలు, భారత సైన్యానివి కావు.

మరణించినవారి విషయంలో కామన్‌వెల్త్ యుద్ధసమాధుల సంస్థ పట్టికలు కొన్నిచోట్ల తండ్రి పేరు, గ్రామం, జిల్లా కూడా చెబుతాయి. ప్రాణాలతో తిరిగివచ్చినవానికి ఆ పట్టికలో చోటు లేదు. బ్రతికినవానికన్నా చనిపోయినవాని జాడే సులభంగా దొరకడం ఈ పరిశోధనలోని విషాదం.

జిల్లా పేరూ పరిశోధకుని దారి తప్పించగలదు. శ్రీకాకుళం 1936 వరకు గంజాం జిల్లాలోనిది. ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డాక విశాఖపట్నం జిల్లాలో చేరి, 1950లో ప్రత్యేక జిల్లాకు కేంద్రమైంది. ఆ ప్రాంతపు సిపాయిని నేటి జిల్లా పేరుతో వెతికితే దొరకడు. గంజాం కింద, చికాకోల్ అన్న నాటి వర్ణక్రమంతో వెతకాలి.