ఫైలు పుటప్ నుండి లాగిన్ దాకా

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం పంపమని కార్యదర్శి గారు కోరారు. రాజుల చరిత్ర రాసేవారు చాలామంది ఉన్నారు. సర్వీసంతా మనతోపాటే పనిచేసిన కొన్ని చిన్న ఇంగ్లీషు మాటల చరిత్రను నేను మనవి చేస్తాను. అవి అప్, ఆఫ్, ఓవర్, ఇన్, టు, విత్, ఫ్రమ్ వంటివి.

1970ల మధ్యలో నేను ఎల్.డి.సి.గా చేరాను. సెక్షన్‌లో అందరమూ తెలుగులోనే మాట్లాడుకునేవాళ్ళం. అయినా ఫైలు ‘పుటప్’ చేసేవాళ్ళం, వసూలు కాని బాకీ ‘రైటాఫ్’ చేసేవాళ్ళం, బదిలీ అయితే చార్జి ‘హ్యాండోవర్’, ‘టేకోవర్’ జరిగేవి. లెక్కల పుస్తకంలో పేజీ చివర ‘క్యారీడ్ ఓవర్’, తర్వాతి పేజీ మొదట ‘బ్రాట్ ఫార్వర్డ్’ అని రాయకపోతే సూపరింటెండెంటు గారు ఊరుకునేవారు కాదు.

ఈ ఆఫీసు ఇంగ్లీషు మనకు రెండు దారుల్లో వచ్చింది. ఆంధ్ర, రాయలసీమ జిల్లాలకు మద్రాసు ప్రెసిడెన్సీ పాలన నుండి వచ్చింది. నిజాం రాజ్యంలో ఆఫీసు భాష ఉర్దూ. ఇంగ్లీషుది పైచేయి అయింది 1948 తర్వాతే. 1956 నవంబరు 1న రెండు ప్రాంతాలూ ఒకటయ్యాక దాఖలు, మంజూరు, జారీ అనే మాటల పక్కనే పుటప్, రైటాఫ్ కూర్చున్నాయి. 1966లో అధికార భాషా చట్టం వచ్చి తెలుగుకు పీట వేసినా ‘పుటప్’ మాత్రం కదలలేదు.

ఇంగ్లీషులో ఈ చిన్న మాటల కథ పాతది. మన సంస్కృత ఉపసర్గలను గుర్తు చేసుకోండి. ‘హారం’ ముందు ఆ, వి, సం, ప్ర, పరి చేరితే ఆహారం, విహారం, సంహారం, ప్రహారం, పరిహారం అవుతాయి. పాత ఇంగ్లీషులోనూ చాలా చోట్ల చిన్న మాట క్రియకు ముందే అతుక్కుని ఉండేది. అండర్‌స్టాండ్, విత్‌స్టాండ్ ఆనాటి పద్ధతికి గుర్తులు. తరువాతి శతాబ్దాలలో అది క్రియ వెనుకకు వచ్చి విడిగా నిలబడింది. 1755లో నిఘంటువు ప్రచురించిన శామ్యూల్ జాన్సన్, పరదేశీయులకు అన్నిటికంటె కష్టమయ్యేవి ఇటువంటి క్రియలేనని పీఠికలో గుర్తించాడు. వీటికి ‘ఫ్రేజల్ వర్బ్’ అనే పేరును 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ ప్రచారంలోకి తెచ్చాడు. ఇంగ్లీషు బోధించేవారికి శిక్షణ ఇవ్వడానికి 1958లో మన హైదరాబాదులోనే కేంద్ర ఆంగ్ల సంస్థ వెలిసింది. నేటి ఇఫ్లూ విశ్వవిద్యాలయం అదే.

ఇక కిటుకు. ఒక క్రియ వెంట ఇటువంటి మాటలు రెండు వస్తే, మొదటిది క్రియకు చెందుతుంది, రెండవది తర్వాత వచ్చే నామవాచకానికి చెందుతుంది. ‘పుట్ అప్’ అంటే ఫైలు పైకి పెట్టడం. ‘పుట్ అప్ విత్’ అంటే ఓర్చుకోవడం. మధ్యలో ఒక్క ‘విత్’ చేరేసరికి గుమాస్తా పని కాస్తా గుమాస్తా బతుకు అయింది! ‘హ్యాండ్ ఓవర్ టు’, ‘రన్ అవుట్ ఆఫ్’ కూడా ఇదే వరుస. ఈ వరుస తారుమారు కాదు.

తెలుగులోనూ ఇటువంటి జంటలున్నాయి. ‘బీరువాలోనుంచి’ అన్నప్పుడు లో, నుంచి అనే రెండూ కలిశాయి. ‘అటక మీదికి’ అన్నప్పుడు మీద, కి కలిశాయి. తేడా అల్లా మనవి నామవాచకం వెనుక నడుస్తాయి, వారివి ముందు నడుస్తాయి. ‘గురించి చర్చించాం’ అనే అలవాటుతోనే మనం ‘డిస్కస్ అబౌట్’ అంటాం. ఇంగ్లీషు వ్యాకరణం ప్రకారం అక్కడ ‘అబౌట్’ అక్కరలేదు.

1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక మా మణికొండ వైపు కొత్త ఉద్యోగాలు, వాటితో కొత్త జంటలు వచ్చాయి. మా అపార్ట్‌మెంటు లిఫ్టులో పిల్లల నోట రోలౌట్, బ్యాకప్, సైనాఫ్ వింటుంటాను. ‘లాగ్ ఇన్ టు’ చూడండి. లాగ్ అంటే కొయ్య దుంగ. పూర్వం ఓడ వేగం కొలవడానికి ముడులు వేసిన తాడుకు కొయ్యముక్క కట్టి సముద్రంలోకి వదిలేవారు. ఆ లెక్క రాసే పుస్తకం లాగ్‌బుక్ అయింది. మన ఆఫీసు జీపుకు ఉన్నదీ దాని సంతతే. మన లాగ్‌బుక్కూ మనవడి లాగినూ ఒకే దుంగ నుండి వచ్చాయన్నమాట.

ఇదంతా కాలక్షేపం కబురు అనుకోకండి. ఈ చిన్న మాటలలో మన పింఛను ఉంది. ఇంక్రిమెంటు దాన్ని సంపాదించిన దినం మరుసటి దినం నుండి వర్తిస్తుందని కర్ణాటక విద్యుత్ ప్రసార సంస్థ నిబంధన. సంపాదించేది ‘ఆన్’ ఒక దినం, వర్తించేది ‘ఫ్రమ్’ మరుసటి దినం. ఆ ఆన్‌కూ ఫ్రమ్‌కూ మధ్య రాత్రే పదవీ విరమణ జరిగితే? తెల్లవారితే అతడు ఉద్యోగి కాడు కనుక ఇంక్రిమెంటు లేదన్నారు. ఇటువంటి కోరికనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పూర్తి ధర్మాసనం 2005లో ఒప్పుకోలేదు. 2023 ఏప్రిల్ 11న సుప్రీంకోర్టు ఆ అభిప్రాయంతో ఏకీభవించక, ఏడాది సేవతో సంపాదించుకున్న ఇంక్రిమెంటు మరునాడు ఉద్యోగంలో లేడన్న కారణంతో పోదని తీర్పు ఇచ్చింది.

కావున సభ్యులకు నా మనవి. ఏ ఉత్తర్వు వచ్చినా అంకెలు చూసి పక్కన పెట్టకండి. ‘ఆన్ అండ్ ఫ్రమ్’ అంటే ఆ తేదీ కూడా లెక్కలోనిదే. ‘అప్ టు అండ్ ఇన్‌క్లూడింగ్’ అంటే చివరి దినమూ కలిసినట్లే. ‘బిఫోర్’ అని మాత్రమే ఉంటే ఆ తేదీ మనది కాదు, ‘ఆన్ ఆర్ బిఫోర్’ అంటే మనదే. కళ్ళు సహకరించకపోతే మనవడి చేతనో మనవరాలి చేతనో చదివించుకోండి. వారికి లాగిన్ తెలుసు, మనకు పుటప్ తెలుసు. ఇద్దరం కలిసి చదివితే ఏ చిన్న మాటా మన కన్నుగప్పదు.