మంత్రసాని మాట

మా అమ్మమ్మ మాదిగపల్లె మంత్రసాని. ఊళ్లో పెద్దిళ్ల పురుళ్లన్నీ ఆమె చేతుల మీదే. బొడ్డు కోశాక అవే చేతులు మైల, ఇల్లంతా కడుక్కునేవాళ్లు.

మా పిన్ని కడుపుతో ఉంటే, "పచ్చి బొప్పాసకాయ తినమాకే, పాలు కారే కాయ కడుపుని మెలిపెడతది" అంది. మాగిన పండుకి అడ్డు చెప్పలా. బియస్సీ చదివే నేను మూఢనమ్మకమని నవ్వాను.

టీచరునయ్యాక చదివాను. 2002లో సింగపూరు పరిశోధకులు ఎలుకల గర్భసంచి మీద పరీక్షించారు. పండు రసానికి చలనం లేదు. పచ్చికాయ పాలకు మాత్రం ఆక్సిటోసిన్ ఇచ్చినట్టే బిగుసుకుంది.

బొప్పాసకాయ 16వ శతాబ్దంలో పోర్చుగీసోళ్లతో వచ్చింది. చరకుడికి తెలిసే వీల్లేదు. అమ్మమ్మకి తెలుసు. చరకుడు పాఠంలో ఉన్నాడు. మన మంత్రసానుల్ని మనమే రాయాలి.