లాసా లిమిటెడ్: మాత్రలో దాగిన ముప్పును బొమ్మ చూసి చెప్పే సాఫ్ట్‌వేర్.. దీని వెనక ఉన్నది లాభాపేక్ష లేని సంస్థ!

బీపీకో, షుగర్‌కో రోజూ మాత్ర వేసుకునేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. స్ట్రిప్ వెనకాల మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు అన్నది ఉంటుంది. కానీ ఆ మందు తయారయ్యే దారిలో పుట్టుకొచ్చి, ఎంత శుభ్రం చేసినా రవ్వంత మిగిలిపోయే రసాయనాల పేర్లు మాత్రం ఉండవు. వాటినే ఇంప్యూరిటీలు అంటారు. చాలావరకు వాటితో ఇబ్బంది లేదు. కొన్ని మాత్రం నేరుగా డీఎన్ఏనే దెబ్బతీస్తాయి. ఏళ్ల తరబడి ఒంట్లోకి వెళితే క్యాన్సర్ ముప్పు ఉంటుంది.

ఏది ప్రమాదమో, ఏది కాదో ల్యాబ్‌లోకి వెళ్లకముందే అంచనా వేసే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తున్న సంస్థల్లో ముందు వరసలో ఉండేది లాసా లిమిటెడ్. టిబెట్ రాజధాని లాసాతో దీనికి ఏ సంబంధమూ లేదు! ఇది ఇంగ్లండ్‌లోని లీడ్స్ నగరంలో ఉంది.

పేరు ఎలా వచ్చింది?

హార్వర్డ్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ ఈ.జె. కోరీ బృందం రాసిన కంప్యూటర్ ప్రోగ్రాం పేరు ‘లాసా’. కావాల్సిన అణువును చూపిస్తే, దాన్ని ఏయే ముక్కల నుంచి తయారుచేయొచ్చో వెనక్కి లెక్కగట్టి చెప్పేది. కోరీకి 1990లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. ఆ ప్రోగ్రాంను బ్రిటన్‌లో ముందుకు తీసుకెళ్లడానికి 1983లో లీడ్స్ యూనివర్సిటీలో ఈ సంస్థ మొదలైంది. తర్వాత షెరింగ్ ఆగ్రోకెమికల్స్ అనే పురుగుమందుల కంపెనీ తాను మొదలుపెట్టిన ‘డెరెక్’ అనే ప్రోగ్రాంను దీని చేతికి ఇచ్చింది. అక్కడి నుంచి దారే మారిపోయింది.

డెరెక్ ఏం చేస్తుందంటే..

రసాయనం అణువు బొమ్మను స్క్రీన్‌పై గీయాలి. అందులో గతంలో హాని చేసినట్టు రుజువైన ముక్క ఏదైనా ఉందేమో డెరెక్ వెతుకుతుంది. దొరికితే అలర్ట్ ఇస్తుంది. అది ఎందుకు ప్రమాదమో, ఏ పరిశోధనల ఆధారంగా చెబుతోందో కూడా చూపిస్తుంది. ఇంకో విషయం.. ఇది ‘73 శాతం ప్రమాదం’ లాంటి అంకె ఇవ్వదు. ‘ప్రాబబుల్’, ‘ప్లాజిబుల్’, ‘డౌటెడ్’ అంటూ మాటల్లోనే చెబుతుంది. సీనియర్ సైంటిస్ట్ పక్కన కూర్చుని చెప్పినట్టు ఉంటుందన్నమాట. ఆఖరి నిర్ణయం మాత్రం మనిషిదే.

ఇదే సంస్థకు ‘సారా’ అనే మరో ప్రోగ్రాం ఉంది. అది రూల్స్‌తో కాకుండా, పాత పరీక్షల డేటా నుంచి గణాంకాల పద్ధతిలో నేర్చుకుని చెబుతుంది. రెండెందుకు అంటే, రూల్ అలా ఉంది మరి. ఐసీహెచ్ ఎం7 అనే అంతర్జాతీయ మార్గదర్శకం 2014లో వచ్చింది. దాని ప్రకారం ఇంప్యూరిటీని ఈ రెండు రకాల పద్ధతులతోనూ చూడాలి. రెండూ క్లీన్ అంటే సాధారణంగా ఏమ్స్ టెస్ట్ అనే బ్యాక్టీరియా పరీక్ష అవసరం ఉండదు. అలర్ట్ వస్తే ఆ పరీక్షతో తేల్చుకోవాలి, లేదా ఇంప్యూరిటీని లిమిట్‌లో ఉంచాలి. జీవితాంతం వాడే మందుల్లో ఆ లిమిట్ రోజుకు 1.5 మైక్రోగ్రాములు. గ్రామును 10 లక్షల ముక్కలు చేస్తే అందులో ఒకటిన్నర ముక్క!

జీడిమెట్ల, పాశమైలారం, పరవాడల్లో తయారై అమెరికా, యూరప్ వెళ్లే బల్క్ డ్రగ్స్‌కూ ఇదే రూల్. లాసా సాఫ్ట్‌వేరే వాడాలని లేదు, వేరే కంపెనీలవీ ఉన్నాయి. రెండు పద్ధతులూ ఉండాలి, అంతే.

2018లో ఏం జరిగింది?

ఇంత ఉన్నా 2018 జులైలో బీపీ మందు వల్సార్టాన్‌లో ఎన్‌డీఎంఏ అనే నైట్రోసమైన్ బయటపడింది. మొదట చైనా కంపెనీ సరుకులో దొరికింది. తర్వాత హైదరాబాద్ కంపెనీలు కూడా నైట్రోసమైన్ల కారణంగా అమెరికాలో మందు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఎన్‌డీఎంఏ కొత్త విషమేం కాదు. దశాబ్దాలుగా తెలిసిందే. స్క్రీన్‌పై గీసి ఉంటే అలర్ట్ వచ్చేదే. కానీ డీఎంఎఫ్ అనే సాల్వెంట్, సోడియం నైట్రైట్ ఒకే ప్రాసెస్‌లో కలిస్తే అది పుడుతుందని ముందే ఎవరూ ఊహించలేదు. గీయని బొమ్మకు సాఫ్ట్‌వేర్ మాత్రం ఏం చెబుతుంది? నైట్రోసమైన్లకు 1.5 మైక్రోగ్రాముల లెక్క కూడా వర్తించదు. ఎన్‌డీఎంఏకు పెట్టిన లిమిట్ రోజుకు 96 నానోగ్రాములు, అంటే అందులో దాదాపు 15వ వంతు.

లాభాపేక్ష లేకపోతే ఏంటి ఉపయోగం?

అసలు విషయం ఇక్కడే ఉంది. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌కు బలం డేటా. ఆ డేటా ఒకరితో ఒకరు పోటీపడే ఫార్మా కంపెనీల లాకర్లలో ఉంటుంది. పక్క కంపెనీకి ఎవరిస్తారు? లాసా బ్రిటన్‌లో చారిటీగా రిజిస్టరైంది. మెంబర్ కంపెనీలు ఫీజు కడతాయి, వచ్చిన డబ్బు మళ్లీ పరిశోధనకే వెళ్తుంది. వాటాదారులకు లాభం పంచే పని లేదు, సొంతంగా మందులు అమ్మే పనీ లేదు. అందుకే కంపెనీలు తమ పరీక్షల ఫలితాలను ఇక్కడ ఉమ్మడిగా పెడుతున్నాయి. క్యాన్సర్ అధ్యయనాల డేటాబేస్‌ను అయితే లాసా అందరికీ ఫ్రీగానే అందుబాటులో ఉంచింది.

వల్సార్టాన్ తర్వాత ఇందులోకి మరో డేటాబేస్ చేరింది. మాత్ర గట్టిగా నిలబడటానికి కలిపే స్టార్చ్, సెల్యులోజ్, లాక్టోజ్ లాంటి పొడుల్లో నైట్రైట్ ఎంత ఉందన్న కొలతలు అందులో ఉంటాయి. మాత్రలో నైట్రోసమైన్ పుట్టడానికి ఆ రవ్వంత నైట్రైట్ కూడా సరిపోవచ్చు. కంపెనీలు తమ ల్యాబ్‌లలో కొలిచిన అంకెలను తెచ్చి ఇందులో కలుపుతున్నాయి.